వాలుకి ముఖంగా

సామాను మోసే లారీ నాది.
ఈ రేవులో ఎవరి మంచం ఎంత బరువో
పడుకునేవాళ్ళకన్నా నాకే బాగా తెలుసు.

దొన్యా ఒవిదియా ఫ్రిజ్‌ని మూడుసార్లు మోశాను.
మొదటిసారి, అల వచ్చి వెళ్ళాక,
బురద కడిగి, తలుపుకి తాడు బిగించి, కొండమీదికి.
"ఇక చచ్చినా సముద్రం మొహం చూడను" అంది.
తొమ్మిదేళ్ళు చూడలేదు. చూడకుండానే
దాని చప్పుడుకి నిద్ర లేచేది.
రెండోసారి, పైన్ తోటలు అంటుకున్న ఫిబ్రవరిలో,
పట్టపగలు హెడ్‌లైట్లు వేసుకుని, కిందికి.
మూడోసారి మొన్న, మళ్ళీ పైకి.
ఎందుకని నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు.
ఫ్రిజ్ అడుగున ఉప్పు తిన్న తుప్పు,
పైన సెగకి బుడగలెక్కిన రంగు.
నడుమ ఒక జానెడు మాత్రం తెల్లగా మిగిలింది.
అక్కడ మనవడు గీసిన గుర్రం.

మునిసిపాలిటీ కుర్రాడొకడు మ్యాపు పరిచాడు.
కింద నీలం, పైన ఎరుపు,
రెంటికీ మధ్య సన్నటి తెల్లగీత.
"ఇక్కడ ఇళ్ళేమైనా అద్దెకున్నాయా?" అన్నాను.
"అది రోడ్డండీ" అన్నాడు.

మేమున్న ఇల్లు అమ్ముడైపోయింది.
నెల్లాళ్ళలో ఖాళీ చేయాలి.
కాన్సెప్సియోన్‌లో నెలిదా అక్కది పదకొండో అంతస్తు.
నీరు రాదు, నిప్పు రాదు.
నేల కదిలిన రాత్రి మాత్రం బీరువా నడుచుకుంటూ వచ్చి
మంచం పక్కన నిలబడిందట.
దక్షిణాన మా బావ ఊరికి అగ్నిపర్వతం ఉంది.
"పాపం మంచిదే, ఎప్పుడో తప్ప" అంటాడు,
తాగొచ్చే తమ్ముణ్ణి వెనకేసుకొచ్చినట్టు.
కొండలకీ సముద్రానికీ నడుమ
బట్టలారేసే తాడులా కట్టిన దేశం మాది.
ఏ కొస పట్టుకున్నా మొత్తం ఊగుతుంది.

సరే, లెక్క.
అల పదిహేను నిమిషాలు గడువిస్తుందట. ఇస్తే.
రేవు నుంచి మెట్లు నూట ఎనభై.
నెలిదా తుంటి ఒకసారి విరిగి అతికింది.
ఆదివారం గడియారం పట్టుకుని కింద నిలబడ్డాను.
ఇరవై రెండు నిమిషాలు.
"మధ్యలో పిల్లి కనిపిస్తే ఆగాను" అని పైనుంచి అరిచింది.
పిల్లికి రెండు తీసేశాను.
మిగతా ఐదూ ఎక్కడ తీయాలో తెలియలేదు.

కొండమీదైతే దిగడానికి దారొక్కటే.
నా లారీ మూడోసారి తాళం తిప్పితేగానీ లేవదు.
"అంటే తేల్చుకోవాల్సింది సముద్రమా, అడవా కాదు.
నా తుంటా, నీ లారీయా" అంది నెలిదా.
నవ్వాం. తర్వాత చాలాసేపు
ఎవరి టీ వాళ్ళ ముందు చల్లారింది.

నిజం చెప్పాలంటే, కింద అద్దె సగం.
ఆ సగంలో ఆమె మందులూ నా టైర్లూ వస్తాయి.
దానికి ఏ మ్యాపులోనూ రంగు వేయరు.
పైన నీళ్ళ ట్యాంకరు వారానికి రెండుసార్లే.
ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, కూడి, కొట్టేసి,
చివరికి ఆ కాగితంతోనే పొయ్యి ముట్టించింది.

పై ఇల్లే తీసుకున్నాం.
లారీకి విడిభాగాలు దొరుకుతాయి.
కొత్త బ్యాటరీ వేయించాను.
రాత్రి దాన్ని వాలుకి ముఖం పెట్టి ఆపుతాను,
చక్రం కింద ఒక రాయి.
ఇంజను మొరాయించినా, రాయి తీస్తే బండి కదులుతుంది.
ఆ రాయికి నెలిదా సున్నం పూసింది,
పొగలో వెతుక్కోకుండా.

మా సామాను మేమే మోసుకున్నాం.
కూలి ఎవరికి ఎవరివ్వాలని దారంతా వాదన.
ఆఖరి పెట్టె దింపుతుంటే
ఎదురింటి కిటికీలోంచి ఒవిదియా తొంగి చూసింది.
బాగున్నారా అనలేదు.
"మీ పెరట్లో ఎండుకొమ్మలు అలాగే ఉన్నాయి.
గొడ్డలి తెచ్చుకున్నారా?" అంది.

తెచ్చుకోలేదు.
పొద్దుపోయేదాకా ఆవిడ గొడ్డలితోనే కొట్టాను.